బంతి ఒకటి

కావలి ట్రంకురోడ్డులో మా కొట్టు.
పదేళ్లుగా బేస్‌బాల్ బ్యాట్లు అమ్ముతుండా.
బంతి ఒక్కటి అమ్మింది లేదు.

కొనేవాళ్లంతా సినిమా హాల్లోంచి వచ్చినోళ్లే.
జీపు దిగే విలను భుజాన చూసుంటారు,
ఇంటర్వెల్ ముందు అద్దాలు రాలుతుంటే చూసుంటారు.
రొయ్యలగుంట కాపలాకొకటి,
లారీ సీటు కిందికొకటి,
ఎలక్షన్లకి డజను, బిల్లు రాయొద్దంటారు.
కొట్లోనే ఒకసారి ఊపి చూస్తారు.
గాలికి కూడా మోకాళ్లుంటాయని
అప్పుడే తెలుస్తాది నాకు.

నిన్న మిట్టమధ్యాహ్నం
సగం దించిన షట్టరు కింద వంగి వచ్చింది
పెంచల రేణుక. ముసునూరు బడి, తొమ్మిదో తరగతి.
లైబ్రరీలో ఏదో కథల పుస్తకమంట,
చివరి పేజీలు లేవంట.
"బంతుందా అన్నా?
ఎర్రదారంతో నూటెనిమిది కుట్లుంటాయంట,
మా నాయనమ్మ చదివే అష్టోత్తరం లెక్క.
కొట్టినోళ్లు బ్యాటు కిందపడేసి ఉరకాలంటన్నా!"

కిందపడేసి.

గోడకి వేలాడే పద్నాలుగు బ్యాట్ల వైపు
ఆ పిల్ల చూడనైనా లేదు.
చిల్లర నోట్లు పిడికిట్లో చెమటకి తడిసుండాయి.

సాయంత్రం మద్రాసు డీలరుకి ఫోన్ చేసినా.
బంతి. ఒకటి.
అవతల కాసేపు చప్పుడు లేదు.
"బంతా? దేనికన్నా?"