నాలుగులో వంతెన

స్పీడోమీటరు కేబులు తెగి రెండు వర్షాకాలాలు.
ముల్లు ఇరవై దగ్గరే ఉండిపోయింది.
స్టాండు వేసినా ఇరవై, లారీని దాటినా ఇరవై.
బాగు చెయ్యమంటే దండాసి
పళ్ల మధ్య స్క్రూ తీసి అన్నాడు:
"సెవులు రెండున్నాయి గదా, ముల్లెందుకురా నీకు?"
బరంపురం కొత్త బస్టాండు వెనక
ఒడియాలో బేరమాడి తెలుగులో తిట్టే మనిషి.

నా పని చిన్నది.
పొద్దున్నే రంభ ఆస్పత్రిలో నీలం పెట్టె కట్టించుకుని
ఖల్లికోట మలుపులో రెండు సీసాలు, హుమ్మలో మూడు,
ఛత్రపురంలో ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు,
పదకొండు లోపల మెడికల్ కాలేజీ ల్యాబు కిటికీ.
కఫం సీసాలంటారు రిజిస్టర్లో.
మంచుగడ్డల మధ్య
జనం దగ్గి ఇచ్చిన తెల్లవారుజాములు.

హైవే ఎక్కితే కాలికి ఒకటే దురద.
మూడు, నాలుగు, ఐదు.
ఐదైపోయాక కూడా ఊరుకోదు,
ఎడమ బొటనవేలు లివరు కింద దూరి
లేని ఆరు కోసం ఓసారి ఎత్తి చూస్తుంది.
ఏమీ తగలదు.
పదకొండేళ్లుగా ఎత్తుతున్నాను, ఆ లేనిదాన్ని.

దీనికీ దండాసి దగ్గర ఒక మాటుంది:
"టాపు గేరంటే కుర్సీరా.
ఒంట్లో ఊపున్నప్పుడు కూకోడానికి.
బరువు మొయ్యాల్సినకాడ కూకుంతే
నడుం ఇరిగిపోద్ది."
విన్నాను. వినడానికేం.

మే నెల. ఋషికుల్య వంతెన.
సముద్రం మీంచి ఎదురుగాలి, ఇసుకతో సహా.
అప్పటికే ఆలస్యం.
హుమ్మ ఉప్పుమడుల్లో కొర్లమ్మని వెతికి పట్టుకునేసరికి
ఎండ నెత్తికెక్కింది.
ఐదులోనే వంతెన ఎక్కించాను.
యాక్సిలేటరు తిప్పుతున్నకొద్దీ
బండి ముందుకి పోలేదు, లోపలికి వణికింది.
ట్యాంకు మోకాళ్లని కొట్టింది.
అద్దంలో వెనక దారి రెండుగా కనిపించింది.
సిలిండరులో ఎవరో చిన్న సుత్తి పట్టుకుని
తలుపు తియ్యమంటున్నారు.
వినపడింది. వినపడుతూనే ఐదులో ఉన్నాను.
కిందికి దించితే ఓడిపోయినట్టని
ఎవరు నేర్పారో నాకు.

కిటికీలో మహాపాత్రో గారు పెట్టె తెరిచి
గ్లౌజు వేలితో ఒక సీసాని పక్కకి జరిపారు.
మూత వదులైంది, కారింది.
"ఇది తీసుకోలేం. మళ్లీ తెమ్మను."
చీటీ మీద పేరు సగం చెదిరింది,
మిగతా సగం చదవక్కర్లేకపోయింది.

మళ్లీ అంటే
కొర్లమ్మ మళ్లీ నాలుగింటికి లేవడం,
నోరు పుక్కిలించి పాక బయటికొచ్చి
ఉప్పుగుట్టకి ఒక చెయ్యి ఆనించి
రెండో చెయ్యి పక్కటెముకల మీద పెట్టుకుని
అడుగు నుంచి తోడడం.
"నిన్న ఇచ్చింది ఏటైపోనాది బాబూ?"
వంతెన మీద గాలమ్మా, అన్నాను.
గాలి మీదికి నెట్టాను.

ఆవేళ వంతెనకి నూరు గజాల ముందే
క్లచ్చు. ఒక్క నొక్కు. నాలుగు.
ఇంజను ఒకసారి గొంతు పెంచి
అంతలోనే సర్దుకుంది.
అప్పడం వేస్తే పొంగేంత సరిగ్గా కాగిన నూనె
చప్పుడులో తెలుస్తుందే, అలా తెలిసింది.
బస్సులు దాటిపోయాయి.
పల్సరు మీద ఇద్దరు కుర్రాళ్లు
దాటుతూ వెనక్కి తిరిగి మరీ నవ్వారు.
పోనీ.
నీలం పెట్టెలో సీసాలు
ఒకదాన్నొకటి తాకిన శబ్దం లేదు.

వంతెన దిగాక సరుగుడు తోపు గాలిని అడ్డుకుంది.
బండి తేలికైంది, తనే అడిగింది.
ఐదు వేశాను.
ముల్లు ఇరవై దగ్గరే ఉంది.
ఛత్రపురం ఇంకా రాలేదు,
నా ఎడమ బొటనవేలు మెల్లిగా
లివరు కిందికి దూరుతోంది.