పెన్సిల్ గీతల గైడు

శనివారం మధ్యాహ్నం, గ్రిమ్స్‌బీ.
ఫ్రీమన్ స్ట్రీట్ మీద గాలి
ఉప్పునీ డీజిల్‌నీ కలిపి మొహాన కొడుతోంది.
గుండెజబ్బుల నిధి కోసం నడిచే పాత సామాన్ల కొట్లో
గల్లాపెట్టె దగ్గర నేనే.
జీతం లేదు, హీటరుంది.

నెవిల్ వచ్చాడు, కూతుర్ని వెంటబెట్టుకుని.
చేపల ఫ్యాక్టరీలో ముళ్ళు తీసే చేతులు.
ఎన్ని సబ్బులు అరగదీసినా
హాడక్ వాసన పోదని తనే చెప్పేస్తాడు,
ఎవరూ ముక్కు ముడవకముందే.
బ్రయొనీకి మే నెలలో ఇంగ్లీషు పరీక్ష.
"గైడొకటి కావాలి" అన్నాడు,
మందుల షాపులో దగ్గుమందు అడిగినట్టు.

మూడున్నాయి నా దగ్గర, మూడూ ఆ ఒక్క నాటకానికే.
మొదటిది బక్కది, తళతళలాడే అట్ట,
ఒక్క రాత్రిలో అంతా వచ్చేస్తుందని
అట్ట మీదే ఒట్టు వేస్తుంది.
రెండోది ఇటుక.
పాత్రకో పట్టిక, పట్టికకో రంగు,
అసూయ ఆకుపచ్చ, పశ్చాత్తాపం ఊదా,
నమిలి నోట్లో పెట్టడమే కాదు
మింగే వేళ కూడా రాసిపెట్టారు.
మూడోదానికి నడుం విరిగింది.
అట్ట మీద టీ కప్పు గుండ్రంగా కూర్చుని లేచిన మచ్చ.
లోపల ఎవరో పిల్లో పిల్లాడో
పెన్సిల్ పట్టుకుని
పేజీ పేజీతోనూ పోట్లాడారు.

నెవిల్ ఇటుకని అరచేతిలో తూచాడు
తక్కెడ అక్కర్లేని మనిషిలా.
"ఇది బరువుంది. రెండు పౌండ్లకి ఇంకేం కావాలి?"

ఆ పిల్ల మాట్లాడలేదు.
మూడూ బల్ల మీద పరిచి
ఒకే సన్నివేశం దగ్గర మూడూ తెరిచింది.
ఆ నాటకంలో అందరూ కిటికీలోంచి
సముద్రం కేసే చూస్తుంటార్ట.
బక్కది చెప్పింది: సముద్రం మృత్యువుకు ప్రతీక.
ఇటుక చెప్పింది: సముద్రం మృత్యువుకు ప్రతీక,
దీనికి నాలుగు మార్కులు.
మూడోది కూడా ఆ మాటే, అచ్చు తప్పుతో సహా.
పక్కన మాత్రం పెన్సిల్:
"మా ఇంట్లో కాదు."

బ్రయొనీ నవ్వింది.
కొట్లోకి వచ్చాక మొదటిసారి.
"సముద్రమంటే జీతం," అన్నాడు నెవిల్,
"మీ తాతని అడగాల్సింది."
ఎందుకో, ఆ మాట సగంలోనే కోటు గుండీ పెట్టుకున్నాడు.

నాకు నా పరీక్ష గుర్తొచ్చింది.
కవి ఉద్దేశం ఏమిటని అడిగితే
నాకు తెలియదు, ఆయన్ని నేనెప్పుడూ కలవలేదు, అని రాశాను.
నిజం చెప్పినందుకు సున్నా.
ఆ తర్వాత ముప్పై ఏళ్ళు బేకరీలో,
అక్కడ రొట్టె దేనికీ ప్రతీక కాదు,
మాడితే నా జీతంలో కోత, అంతే.

చివరికి ఇటుకే కొన్నాడు.
కూతురి చదువు దగ్గర మనిషి
బరువైనదాన్నే నమ్ముతాడు, ఏం చేస్తాం.
ఆయన తలుపు దాకా వెళ్ళాక
పిల్ల వెనక్కి వచ్చి యాభై పెన్నీల బిళ్ళ
బల్ల మీద పెట్టి
నడుం విరిగినదాన్ని కోటులో దాచుకుంది.
బిల్లు అడగలేదు. నేను ఇవ్వలేదు.

ఆగస్టు చివర, ఎవరో గుమ్మంలో వదిలిన సంచీలో
బూట్లు, ఒక టోస్టరు, ఇటుక.
పెన్సిల్ గీతల గైడు లేదు. సంచీ తిరగేసి కూడా చూశాను.
ఇటుక కొత్తగా ఉంటుందనుకున్నా.
లేదు, మొదటి నుంచి నలభయ్యో పేజీ దాకా
ప్రతి మూలా మడిచి తీసిన గుర్తు,
మధ్యలో ఫ్యాక్టరీ షిఫ్టు కాగితం,
వాసన సంగతి నేను చెప్పక్కర్లేదు.
పిల్లది కాదు ఆ చదువు.

సముద్రం దగ్గర,
ఆ నాలుగు మార్కుల వాక్యం పక్కన,
వడ్రంగి పెన్సిల్‌తో, లావాటి అక్షరాలతో,
స్కూలు వదిలేశాక
మళ్ళీ రాయని చేత్తో:
"ఒక్కోసారి."

ధర చీటీ అంటించి అరలో పెట్టాలి.
ఇవాళ మంగళవారం.
ఇంకా నా టీ కప్పు పక్కనే ఉంది.