మంగళవారం టికెట్

మంగళవారం మంచిపని మొదలెట్టకూడదంటారు.
సినిమా మంచిపనో కాదో తెలీదు గానీ
డాండెనాంగ్‌లో మంగళవారం టికెట్ సగం ధర.
ఆ పట్టింపు ఎప్పుడో వదిలేశాను.

ఉదయం షిఫ్టు దిగి, బస్సు డిపోలో అప్పజెప్పి,
యూనిఫారం మీదే స్వెట్టర్ లాక్కుని వెళ్తాను.
పక్క సీటు స్తావ్రూలాది. డెబ్బై ఆరేళ్ళు.
జూలై చలికి హాల్లో హీటరుంటుందని
ఏ భాష సినిమాకైనా వస్తుంది.
సంచిలో వేయించిన శనగలు తెస్తుంది.
అవి మన శనగలే. ఆ మాటంటే ఒప్పుకోదు.

ఈ నెల చూసినవి చెప్తాను, మొహమాటం లేకుండా.

మొదటిది పెద్ద హీరోది.
ముందు చెప్పు కనిపించింది. తర్వాత చెయ్యి. తర్వాత దుమ్ము.
మొహం వచ్చేసరికి శనగలు సగం అయిపోయాయి.
అరవైమంది రౌడీలు, బ్యాంకులో టోకెన్ తీసుకున్నట్టు
ఒకడి తర్వాత ఒకడు వచ్చి తన్నులు తిని పోయారు.
అంత క్రమశిక్షణ నా ఎనిమిదిన్నర ట్రిప్పులో
స్కూలు పిల్లలకుంటే ఇంకో పదేళ్ళు ఉద్యోగం చేద్దును.
కానీ నిజం చెప్పాలిగా,
రెండో పాటకి ముందు వరుస కుర్రాళ్ళు గంతులేస్తుంటే
డ్యూటీలో ఏ పనీ లేని నా ఎడమకాలు
దానంతటదే ఆడింది.

రెండోదానికి ఎక్కడో బహుమతి వచ్చిందట.
ఒక ముసలాయన బంగాళాదుంప చెక్కు తీస్తాడు.
తీస్తూనే ఉంటాడు.
నేను నిద్రపోయాను, అబద్ధమెందుకు.
లేచేసరికి ఇంకో బంగాళాదుంప.
డబ్బు దండగ అన్నాను పైకే.
ఆ గురువారం వంటింట్లో కూరకి తరుగుతుంటే
కిటికీ వెలుతురు నా మణికట్టు మీద పడి
ఆయన మణికట్టు గుర్తొచ్చింది. చాకు కాసేపు ఆగింది.
ఇప్పటికీ మంచి సినిమా అననుగానీ
దండగ అన్నమాట వెనక్కి తీసుకుంటున్నా.

మూడోదాంట్లో హీరోయిన్ బస్సు డ్రైవరు.
ఆశగా వెళ్ళాను.
ఆ పిల్ల అద్దం చూడదు. ఒక్కసారి కూడా.
మలుపులో స్టీరింగ్ వదిలేసి ప్రేమ గురించి మాట్లాడుతుంది,
తలుపులు తెరిచుండగానే బండి కదిలిపోతుంది!
గట్టిగానే తిట్టినట్టున్నాను, వెనకనుంచి ఎవరో ష్ అన్నారు.
అందులోనే ఒక తల్లి చచ్చిపోయింది, తీరిగ్గా.
పొలం, పరువు, చిన్నదాని పెళ్ళి, అన్నీ అప్పజెప్పి
చివర్న ఒక సామెత కూడా చెప్పి మరీ పోయింది.
స్తావ్రూలా నా చెవిలో అంది:
"మా ఆయన ఆఖరి మాట, రేపు చెత్తబండి రోజు అని."
తెర మీద వయొలిన్లు.
మేమిద్దరం నోళ్ళు మూసుకుని, సీట్లు ఊగేలా నవ్వాం.

నాలుగోది చిన్న తెలుగు సినిమా. హాల్లో ఏడుగురం.
పోస్టరు మీద వాళ్ళెవరో కూడా తెలీదు.
వానలో మొగుడు పాత స్కూటరు బాగుచేస్తుంటాడు,
రేపటికి స్టార్టవుతుంది చూడు, అంటాడు.
ఆవిడ తువ్వాలు వాడి నెత్తిన పడేసి
"ఏడిశావులే" అంటుంది.
అంతే. సంగీతం కూడా లేదు.
పన్నెండేళ్ళుగా నన్ను ఆ మాట ఎవరూ అనలేదని
అప్పుడు తెలిసింది.
కింద ఇంగ్లీషులో మాత్రం 'నువ్వు ఏడ్చావు' అని పడింది.
"వాడు ఏడవట్లేదే?" అంది స్తావ్రూలా.
ఏడుపు కాదు అన్నాను.
"మరి తిట్టా?"
తిట్టే. కాదు, ముద్దు. అదీ కాదు.
బస్టాపులో వివరిస్తూ రెండు బస్సులు పోనిచ్చాం.
ఒకటి నడుపుతున్న టువాన్, మా డిపోవాడే, నవ్వి చెయ్యూపాడు.
క్లైమాక్సు బాలేదు, అదీ చెప్పాలి.
అంత చక్కటి ఇంట్లోకి ఆ విలనెందుకొచ్చాడో!

నిన్నటిది దయ్యం సినిమా.
దయ్యం బాగానే చేసింది. మనుషులే చెయ్యలేదు.
బయటికొస్తూ, వచ్చేవారం టికెట్లు నేనే కొంటానన్నాను.
పోయినవారమూ అదే అన్నాను.
స్తావ్రూలా స్కార్ఫు ముడేసుకుంటూ, నావైపు చూడకుండా,
"ఏదిసావులే" అంది.
డ పలకలేదు.
మిగతాదంతా పలికింది.