రెండో తెర

చెనాయ్ ట్రేడ్ సెంటర్ల, ముజీబ్ దుకాణంల
నాలుగు వేల రెండొందలకు దొరికింది.
మాదాపూర్ల మూతబడ్డ ఏదో కంపెనీదట.
అడుగున స్టిక్కరు ఇంకా ఊడలేదు:
నాలుగో అంతస్తు, సీటు నూటా పదిహేడు.
ఆటోల ఒళ్లె పెట్టుకొని తెచ్చిన.
ఆర్టీసీ క్రాస్‌రోడ్డు గుంతల కాడ
జరమొచ్చిన పిల్లను పట్టుకున్నట్టు
రెండు చేతులేసి పట్టుకున్న.

చిక్కడపల్లి గల్లీల నాది డీటీపీ సెంటరు.
ల్యాప్‌టాపుకు పదమూడు అంగుళాలు,
నా కండ్లకు నలభై తొమ్మిదేండ్లు.
పేరు సులోచన,
అద్దాలు లేనిదే అచ్చు తెల్వది.
పెండ్లి పత్రికలల్ల ఒత్తులు వెతికి వెతికి
మెడ కొంగ మెడ అయింది.

వైరు గుచ్చిన.
నల్లటి తెర మీద నీలం డబ్బా ఒకటి
ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతనే ఉంది:
నో సిగ్నల్.
తీసి ఊదిన. మళ్ల గుచ్చిన.
నో సిగ్నల్.
ఫోన్ చేస్తే ముజీబ్ నవ్విండు,
"రెండు దిక్కుల గట్టిగ ఒత్తు మేడం,
మొహమాటపడితే రాదు."

ఒత్తిన. వచ్చింది గాని
అంతా మసక, వానల తడిసిన పోస్టరు తీరు.
సెట్టింగులల్లకు దిగి
అడ్డం పందొమ్మిది వందల ఇరవై
నిలువు వెయ్యీ ఎనభై అని నొక్కిన.
తెర ఒక్కసారి ఆరిపోయింది,
పెట్టిన పైసలు గూడ.

తిరిగొచ్చేసరికి
తలకట్టు పాగా లెక్క నిలబడ్డది.
సున్న లోపల తెలుపు తేలింది.
థకూ ధకూ నడుమ ఉన్నది
ఒక్క చుక్క తేడానే అని
ఇన్నేండ్లు అలవాటుతోటి చదివినదాన్ని
ఇయ్యాల కండ్లతోటి చదివిన.

సంబురం ఆగక
నా దుకాణం కార్డే తెరిచిన, పెద్దగ చూద్దామని.
అడుగున సన్న అక్షరాలల్ల ఒక వరస:
'తప్పుల్లేని ముదణకు మా దగ్గరికే రండి.'

ము. ద. ణ.

పదకొండేండ్లు.
ఊరందరి తప్పులు దిద్దిన చెయ్యి,
తన ద కింద ర ఒత్తు మరిచింది.
ఒక్కరన్న చెప్పలేదు.
చూడలేదా,
చూసి, పోనీ పాపం అనుకున్నరా?

సీటు నూటా పదిహేడూ, నువ్వెవరో తెల్వదు.
ఆఖరు రోజు ఈ గాజు మీదనే
నువ్వు గూడ ఏదో చదువుకొని
కొంచెం సేపు కదలకుండ కూసున్నవా?

ముజీబ్ మళ్ల చేసిండు,
"బొమ్మ వచ్చిందా మేడం?"
"వచ్చింది. మస్తు సాఫ్ కనబడుతుంది."

ఫోన్ పెట్టి, మౌసు పట్టి
కార్డును మెల్లగ పక్కకు గుంజిన.
అంచు కాడ సగం అటు, సగం ఇటు
కొంచెం సేపు తండ్లాడి
పాత చిన్న తెరలకు జారింది.
అద్దాలు తీసి చూసిన.

అక్కడ ఇంకా ఒప్పే ఉంది.