నికర బరువు

కాటేదాన్‌లో మా షెడ్డుకు బోర్డు లేదు.
అడ్రసు అడిగితే ఆటోవాళ్లు
"తుమ్ములొచ్చే గల్లీ" అంటారు.

పొద్దున ఎనిమిదింటికి సోడా బస్తాల మూతులు విప్పుతాం.
తర్వాత సల్ఫేటు,
ఉప్పులా ఉంటుంది, ఉప్పు కాదు.
మురికి మీద దానికి పగా లేదు, పట్టింపూ లేదు.
బరువు కోసం కూర్చుంటుంది,
పెళ్లి బస్సులో దూరపు చుట్టంలా.

ఆ తర్వాత డ్రమ్ములోంచి స్లర్రీ,
నల్లబెల్లం పాకంలా,
నిదానంగా, పొగరుగా.
ఒక్క చుక్క పడితే చాలు,
పెనం మీద మాడిన జొన్నరొట్టె మచ్చ.
నా మణికట్టు మీద ఉంది, చూపిస్తాను.
సోడా తగలగానే వేడెక్కి పొంగుతుంది
ఆ కోపమే చల్లారి
మీ బకెట్లో నురగవుతుంది.

నీలం చుక్కలేం చేస్తాయని
చేరిన కొత్తలో దస్తగిరిని అడిగాను.
"ఏం చెయ్యవు. కనిపిస్తాయి" అన్నాడు.

తెల్లదనం మందు చిటికెడే వేస్తాం.
అది మరకను తియ్యదు.
ఎండలో మన కళ్లకందని వెలుగేదో తాగి
నీలంగా ఉమ్ముతుంది.
కాలరు మీది పసుపు
ఆ వెలుగు వెనక అట్లాగే నక్కి ఉంటుంది.
చివర్లో ఐదు లీటర్ల క్యాన్‌లోంచి మల్లెల వాసన,
మల్లె పందిరి మొహమే చూడనిది.

మా తాత ఇస్తారి
అత్తాపూర్ దగ్గర మూసీ ఒడ్డున చవుడు గీకేవాడు.
ఎండాకాలం నేల తెల్లగా పూసేదట.
గాడిద మీద రెండు సంచులు.
రాత్రి బానలో ఉబ్బకు పెడితే
తెల్లారేసరికి దవాఖాన దుప్పట్లు
నెత్తురు మాట మరిచిపోయేవట.
నా మొదటి జీతం రోజు
మా పౌడరు నాలుక కొసన పెట్టుకుని చూసి
తుపుక్కున ఊశాడు.
"సగం ఉత్తదే బిడ్డా.
దీన్ని గుడ పైసలకే అమ్ముతున్నరా?"

ఇక కవరు.
సిల్కు తానులా చుట్టలు చుట్టలుగా దిగుతుంది.
పైపొర మీద నవ్వే ఆడమనిషి,
ఆమె వేళ్ల మధ్య ఒక్క పగులు లేదు.
నడిమి పొర వెండి, అడుగు పొర పాలు.
మూడింటినీ జిగురు కలిపింది
విడదీసే మొనగాడు మా గల్లీలో అయితే పుట్టలేదు.
ఇనుము కొంటాడు, ఇత్తడి కొంటాడు,
పగిలిన ఫోను, తలవెంట్రుకలు కూడా కొంటాడు
కబాడీ మహబూబలీ.
దీన్ని చూస్తే మాత్రం చెయ్యి అడ్డంగా ఊపుతాడు,
"ఇస్కా కుచ్ నై ఆతా, అమ్మా."

నా పక్కన నఫీసా సీలు వేస్తుంది,
నిమిషానికి నలభై.
రంజాన్ నెలలో ముక్కుకు గుడ్డ బిగించుకుని
ఒకరోజు అడిగింది:
పౌడరు గొంతులోకి పోతే రోజా విరుగుతుందా?
ఎవర్నడగాలో ఇద్దరికీ తెలియలేదు.
మిషన్ ఆగలేదు.

ప్యాకెట్ వెనక అక్షరాలు చీమ కాళ్లంత.
నికర బరువు యాభై గ్రాములు, కవరు కాకుండా.
ఖాళీ కవరొకటి కాటా మీద పెట్టి చూశాను.
సున్నా.
ఊది చూశాను, సున్నానే.

మొన్న వానకు ముందు తాతను ఒడ్డుకు తీసుకుపోయాను.
కట్టెతో నేలను గోకాడు.
చవుడు ఇంకా పూస్తోంది, బూడిద రంగులో.
ఇంకొంచెం గోకితే వెండి అంచొకటి తేలింది.
పట్టుకుని లాగాడు, వేరు లాగినట్టు.
మా కంపెనీది కాదు, ఎప్పటిదో పాతది.
ధర ఒక రూపాయి.
తేదీ నేను పుట్టిన ఏడాదిది.
మూసీ నీళ్లలోనే జాడించి, దులిపి,
ఎండకెదురుగా ఎత్తి పట్టుకున్నాడు,
ఎనభై ఏళ్ల చాకలి,
గిరాకీ చీరను పరికించినట్టు.
ఆమె ఇంకా నవ్వుతోంది.

"రంగు మాత్రం దిగలె" అన్నాడు.