స్టాల్ నంబరు నలభై మూడు

రాజమండ్రిలో ఆరోగ్య ప్రదర్శనండి.
మా లంక నుంచి ఇద్దరం వెళ్లాం,
నేనూ, గుబ్బల వరహాలమ్మా.
నేను నర్సుని కాబట్టి. ఆవిడ రోగి కాబట్టి.
కరపత్రం మీద ఆవిడ ఫోటో వేశారు,
కింద ‘నది దాటిన వైద్యం’ అని.

తెల్లారుజామున పంటు ఎక్కాం.
మెళ్లో వేసుకునే కార్డుని
వరహాలమ్మ పుస్తెలతాడుతో కలిపి జాకెట్లోకి దోపుకుంది,
గాలికి గోదాట్లో పడిపోద్దేమోనని.

హాల్లో ఒకటే చలి.
ఇందులో సగం చలి నా టీకాల పెట్టెకుంటే
కరెంటు పోయిన రాత్రులు
రొయ్యల కంపెనీ గేటు ముందు
ఐసు కోసం చెయ్యి చాచేదాన్ని కాదు.

నాడి చూసే ఉంగరాలు. మాట్లాడే త్రాసులు.
గుండెని గాల్లో గిర్రున తిప్పి చూపించే అద్దాలు.
ప్రతి స్టాల్ ముందూ గిన్నెడు చాక్లెట్లు.
వరహాలమ్మకి షుగరు.
నా వంక చూస్తూనే ఒకటి కొంగున ముడేసింది,
మనవడికిట.

"అమ్మగారి ఆరోగ్యమంతా ఇందులోనే ఉందండి,
ఒక్క వేలు చాలు" అన్నాడు కోటు కుర్రాడు.
జనం మూగారు. కెమెరాలు లేచాయి.
వరహాలమ్మ వేలు పెట్టింది.
ఎర్రలైటు.
తుడుచుకుని పెట్టమన్నారు. ఎర్రలైటు.
చూపుడువేలు, ఉంగరంవేలు, ఎడంచెయ్యి.
ఎవరో నిమ్మచెక్క తెచ్చి రుద్దారు.
ఎర్రలైటే.

నలభై ఏళ్లు కొబ్బరిపీచు పేనిన చెయ్యండి అది.
అంబాజీపేటలో లారీలెక్కిపోయిన తాళ్లతో
ఏ ఊరి మంచానికో, ఏ పడవ లంగరుకో
ఆవిడ ముద్రలు ఎప్పుడో వెళ్లిపోయాయి.
మిషనేమో ఇక్కడ వెతుకుతోంది.

కుర్రాడికి చెమట్లు, అంత చలిలోనూ.
చివరికి తన బొటనవేలే పెట్టేశాడు.
పచ్చలైటు!
వయసు ఇరవయ్యారు, రక్తపోటు మామూలు, షుగరు లేదు.
అందరూ చప్పట్లు కొట్టారు.
వరహాలమ్మా కొట్టింది.
"పోన్లెండి, బాబుకి ఏ జబ్బూ లేదు" అంది.

మిషన్లంటే నాకు కోపం లేదండి.
పోయిన వరదలో, అరుగెక్కి నీళ్లు తొంగిచూసిన రాత్రి,
ఈవిడ గుండె గీతల్ని ఫోనులోనే పంపాను.
సిగ్నలు కోసం స్కూలు డాబా ఎక్కాను,
సూరిబాబు గొడుగు పట్టాడు.
కాకినాడలో ఎవరో డాక్టరమ్మ, మొహం కూడా చూళ్లేదు,
నాలిక్కింద పెట్టమని ఓ మాత్ర పేరు చెప్పింది.
ఆ మాత్ర నా సంచీలో ఉంది.
ఉంది కాబట్టి ఈవిడ ఉంది.
కరపత్రంలో నది వేశారు, ఫోను వేశారు.
డాబా లేదు. గొడుగు లేదు.
సంచీ ఎవరికీ తట్టనే లేదు.

భోజనాలప్పుడు ఆ కుర్రాడే వచ్చాడు, కోటు విప్పేసి.
వరహాలమ్మ అరచెయ్యి పట్టుకుని
చాలాసేపు చూశాడు, జోస్యం చెప్పేవాడిలా.
"ఇలాంటి చేతులు ఎన్నుంటాయండి మీ లంకలో?"
నూట పన్నెండు, అన్నాను.
రాసుకోడానికి అతని దగ్గర కాగితం లేదు.
నా రిజిస్టరులోంచి పేజీ చింపిచ్చాను.
ఏం చేస్తాడో తెలీదు.

తిరుగు పంటు మీద కొంగుముడి విప్పితే
చాక్లెట్ కరిగిపోయి ఉంది.
దానిమీద వరహాలమ్మ బొటనవేలు పడింది,
నున్నగా, ఒక్క గీతా లేకుండా.
ఎవరిదో నేను చీకట్లో అయినా చెబుతాను.

రేపు బుధవారం, టీకాల రోజు.
రేవు దిగగానే ఐసు సంగతి చూడాలి.