రిమార్కుల గడి

మూడోసారి రిజెక్టయింది.
టోకెన్ నంబరు చదివి చెప్పేది నేనే గనక
మొగం గూడ నేనే చూడాలె.

చందా మాంఝీ, తండ్రి రాంబిలాస్,
వృత్తి హమాలీ.
సొంతూరు కాడ కర్సర్ ఆగి మిటకరిస్తది.
పుట్టింది గయ దిక్కు ఏదో పల్లె,
పెరిగింది మిర్యాలగూడ బైపాసు మీద
రైసుమిల్లు ఎనక రేకుల గదిల.
ఊక దుమ్ము తలకెక్కినంక
ఆడ అందరి జుట్టూ ఒకటే రంగు.

అంగన్‌వాడీ గుడ్డు ఈడిదే.
మొదటి పలక ఈడిదే.
‘ళ’ నా కొడుక్కంటె సాపుగ పలుకుతది.
బోనఫైడ్లు వరుసగ పెట్టింది,
లోకలే అని ఒప్పుకున్నది కంప్యూటరు.
కులం కాడ ఒప్పుకోలె.

వేరే రాష్ట్రపు కులం ఈడ చెల్లదట.
జాబితా ఢిల్లీదే, గని రాష్ట్రానికో పేజీ.
పేజీ దాటితే ఫీజు మాఫీ లేదు.
మంచిదే గద అనుకున్న ఒక్క నిమిషం,
దానాపూర్‌ల రైలెక్కినప్పుడే
కులం ప్లాట్‌ఫారం మీద ఉండిపోతే
ఎవరికి చేదు?

అదే అన్న. నవ్వింది.
“మిల్లు ముంగట చాయ్ హోటలాయన
‘మీరేంటోళ్లు’ అని ఒక్కసారే అడిగిండు సార్.
అందరికీ గాజు గ్లాసు,
మా నాన్నకు ఇప్పటికీ పేపర్ కప్పు.
ఆయనకు ఏ ఆఫీసు పంపింది సర్టిఫికెటు?”

ప్రింటర్ల కాగితం ఇరుక్కున్నది.
తీసుకుంట కూసున్న, శానసేపు.

ఎనభై రెండు వేలు. శుక్రవారం ఆఖరు.
బస్తాకు ఎంతొస్తదో, ఎన్ని బస్తాలెత్తాల్నో
నేను లెక్క కట్టలె. ఆమె కట్టే ఉంటది,
లెక్కలల్ల తొంభై ఎనిమిది.

జిరాక్సాయన, ఎరువుల దుకాణపాయన, నేను
తలా ఇంత ఏసినం.
కవరు మీద పేరు రాయబోయి చెయ్యి ఆగింది:
చందా.
గణపతి పండుగ వచ్చినప్పుడల్లా
బడిల ఈ మాటతోనే ఏడిపించేటోళ్లట.
కవరు నా దిక్కే నూకింది.
“మా అమ్మ చందమామను చూసి పెట్టిన పేరు సార్ ఇది.
నాలుగోసారి అప్లై చెయ్యిండ్రి.”

అప్లికేషన్ పైసలు చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది,
మళ్ల ఒకసారి లెక్కపెట్టి.

అన్ని గడులు పాతయే.
కింద రిమార్కులది ఒక్కటి
ఇన్నేండ్లల్ల నేనెప్పుడూ నింపలె.
తెలుగు కీబోర్డు పెట్టి కొట్టిన:
పేపర్ కప్పు.

సర్వర్ తిరుగుతనే ఉన్నది.